నెట్‌వర్క్ ప్రోటోకాల్‌కు మోడల్ ఆధారిత టెస్టింగ్: ముందు బగ్, తర్వాత మోడల్, చివర్లోనే టూల్

ఫైళ్లను ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి పంపే చిన్న ప్రోటోకాల్ టీఎఫ్‌టీపీ. దాని పాత రూపంలో ఒక తమాషా బగ్ ఉండేది. క్లయింట్ పంపిన యాక్ (బ్లాకు అందిందని చెప్పే ప్యాకెట్) దారిలో ఆలస్యమైతే, సర్వర్ గడువు దాటిందనుకుని అదే డేటా బ్లాకును మళ్లీ పంపేది. క్లయింట్ దానికీ ఇంకో యాక్ ఇచ్చేది. ఒకే బ్లాకుకు వచ్చిన ఆ రెండు యాక్‌లకూ సర్వర్ తర్వాతి బ్లాకును రెండుసార్లు పంపేది. ఇక అక్కడి నుంచి ఫైలు అయిపోయేదాకా ప్రతి ప్యాకెట్టూ రెండేసి సార్లు వెళ్లేది. ఫైలు మాత్రం ఒక్క బైటు తేడా లేకుండా చేరేది. చెక్‌సమ్ సరిపోతుంది కాబట్టి టెస్టూ పాసే. దీనికి సార్సరర్స్ అప్రెంటిస్ సిండ్రోమ్ అని పేరు పడింది. నకిలీ యాక్ వస్తే డేటాను మళ్లీ పంపకూడదని 1989లో ఆర్‌ఎఫ్‌సి 1123 (ఆర్‌ఎఫ్‌సి అంటే ఇంటర్నెట్ ప్రోటోకాళ్లను నిర్దేశించే పత్రం) తేల్చి చెప్పింది. 1992 నాటి ఆర్‌ఎఫ్‌సి 1350లో ఆ సవరణ చేరింది.

"ఫైలు అడిగాను, ఫైలు వచ్చింది" అని చేత్తో రాసుకునే టెస్టులకు ఇలాంటివి దొరకవు. ప్రోటోకాల్ ఎలా నడవాలో చిన్న మోడల్‌గా రాసి, దాని నుంచి ప్యాకెట్ల వరుసలను పుట్టించి, వచ్చిన ప్రతి జవాబునూ మోడల్‌తో పోల్చే పద్ధతే మోడల్ ఆధారిత టెస్టింగ్. పద్ధతి మంచిదే. చిక్కల్లా టీమ్‌లు దీన్ని మొదలుపెట్టే తీరుతోనే. ముందు టూల్ డౌన్‌లోడ్ చేస్తారు, ఆ టూల్‌కు నప్పేలా మోడల్ గీస్తారు, ఆ మోడల్‌కు దొరికే బగ్‌లతో సరిపెట్టుకుంటారు. ఈ వరుసను తిరగేయడమే ఈ మార్గదర్శి పని. ఉదాహరణగా టీఎఫ్‌టీపీ సర్వర్‌లో ఫైలు చదివే వైపును తీసుకుందాం. చిన్న ప్రోటోకాలే గానీ, పెద్ద ప్రోటోకాళ్లలో ఎదురయ్యే ఇబ్బందులు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి.

1. ఏ రకం బగ్ కావాలో తేల్చుకోండి

కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: వరుస, డేటా, సమయం, సమాంతరత.

పై బగ్ వరుసకు చెందింది. ప్యాకెట్లు వచ్చిన క్రమం వల్లే అది బయటపడుతుంది. ఫైలు సైజు 512కు సరిగ్గా గుణిజమైతే సర్వర్ చివర్లో ఖాళీ డేటా ప్యాకెట్ ఒకటి పంపాలి. అది మరిచిపోవడం డేటా బగ్. బ్లాకు సంఖ్య 16 బిట్లే కాబట్టి 512 బైట్ల బ్లాకులతో 32 ఎంబీ దగ్గర అంకె చుట్టు తిరుగుతుంది. తర్వాత 0 రావాలా 1 రావాలా అన్నది ఆర్‌ఎఫ్‌సి 1350 చెప్పలేదు. ఇదీ డేటా గడిలోకే వస్తుంది. గడువుకు ముందే మళ్లీ పంపడం, ఎప్పటికీ మళ్లీ పంపకపోవడం సమయానికి చెందినవి. ఇద్దరు క్లయింట్లు ఒకేసారి వస్తే ఒకరి బదిలీ మరొకరిది చెడగొట్టడం సమాంతరత.

మీ ప్రోటోకాల్‌కు ఈ నాలుగింటిలో ఏది ఎక్కువ నష్టం తెస్తుందో చూసి ఒకటి, మహా అయితే రెండు ఎంచుకోండి. నాలుగూ ఒకే మోడల్‌లో పెట్టాలని చూస్తే అది అసలు కోడంత పెద్దదవుతుంది. అప్పుడు ఆ మోడల్‌కే టెస్టింగ్ అవసరమవుతుంది.

2. టూల్ లేకుండా పట్టిక రాయండి

ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇదే. 1000 బైట్ల ఫైలు అనుకోండి: 512 బైట్లతో డేటా 1, 488 బైట్లతో డేటా 2. సర్వర్‌కు నాలుగు స్టేట్‌లు (అది ఉండగల స్థితులు) చాలు: ఖాళీగా ఉంది, డేటా 1 పంపి ఎదురుచూస్తోంది, డేటా 2 పంపి ఎదురుచూస్తోంది, ముగిసింది. మనం ఇచ్చే ఇన్‌పుట్లు ఎనిమిది. అంటే 32 గళ్లు. వాటిలో మూడో స్టేట్‌కు (డేటా 2 పంపి ఎదురుచూస్తోంది) చెందిన ఎనిమిదీ ఇలా ఉంటాయి:

- యాక్ 2 వస్తే బదిలీ ముగుస్తుంది, సర్వర్ ఏమీ పంపదు.
- యాక్ 1 మళ్లీ వస్తే డేటా 2ను తిరిగి పంపకూడదు.
- యాక్ 3 వస్తే ఏం చేయాలో ఆర్‌ఎఫ్‌సి చెప్పలేదు.
- ఎర్రర్ ప్యాకెట్ వస్తే బదిలీ ఆగిపోతుంది. ఎర్రర్‌కు యాక్ ఉండదు.
- వేరే పోర్టు నుంచి యాక్ 2 వస్తే ఆ పోర్టుకు ఎర్రర్ 5 పంపడం సబబు. అసలు బదిలీ మాత్రం కదలకూడదు.
- లేని ఫైలు కోసం పోర్టు 69కి కొత్త రిక్వెస్ట్ వస్తే దానికి ఎర్రర్ 1. నడుస్తున్న బదిలీకి ఏమీ కాకూడదు.
- ఉన్న ఫైలు కోసమే ఇంకో రిక్వెస్ట్ వస్తే కొత్త పోర్టు మీద వేరే బదిలీ మొదలవచ్చు.
- మనం ఏమీ పంపకుండా కూర్చుంటే గడువు తర్వాత డేటా 2 మళ్లీ రావాలి. ఎన్నిసార్లు అన్నది సర్వర్ ఇష్టం.

ప్రతి గడి పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: తప్పనిసరి, మంచిది, చెప్పలేదు. "చెప్పలేదు" గళ్లు చాలామంది ఊహించిన దానికన్నా ఎక్కువే తేలుతాయి. అక్కడ మీ సర్వర్ ఇప్పుడు చేస్తున్న పనినే సరైన జవాబుగా రాసేయాలనిపిస్తుంది. రాయొద్దు. అలా రాస్తే రేపు ఇంకో సర్వర్ మీద అదే మోడల్ తప్పుడు ఫెయిల్యూర్లు కురిపిస్తుంది. అక్కడ రెండు మూడు జవాబులకు అనుమతి ఇవ్వండి.

"మంచిది" గళ్లతోనూ జాగ్రత్తగా ఉండాలి. వేరే పోర్టు ప్యాకెట్‌కు ఎర్రర్ 5 అని రాశాం. కానీ బదిలీ సాకెట్‌ను కనెక్ట్ చేసి వాడే సర్వర్‌లో ఆ ప్యాకెట్ ప్రోగ్రామ్ దాకా రానే రాదు. కెర్నలే దాన్ని ఆపి, ఐసీఎంపీ పోర్ట్ అన్‌రీచబుల్ తిప్పి పంపుతుంది. దీన్ని బగ్ అంటారా, డిజైన్ అంటారా? ఇలాంటి తగాదాలు పట్టిక దగ్గరే తేలిపోవాలి. టూల్ రిపోర్ట్ వచ్చాక మొదలుపెడితే మీటింగులకు అంతుండదు.

3. పట్టిక చూసి మోడల్ రకం ఎంచుకోండి

చాలా గళ్లలో జవాబు ఒక్కటే అయి, స్టేట్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటే మామూలు ఫైనైట్ స్టేట్ మెషీన్ చాలు. బ్లాకు సంఖ్య, ఫైలు సైజు, విండో సైజు లాంటి చరరాశులు కావాలంటే ఎక్స్‌టెండెడ్ స్టేట్ మెషీన్, అంటే ట్రాన్సిషన్ల (ఒక స్టేట్ నుంచి ఇంకోదానికి మారడం) మీద షరతులు పెట్టగలిగేది. టీఎఫ్‌టీపీకి నేనైతే ఇదే తీసుకుంటాను. 65,535 బ్లాకులకు 65,535 స్టేట్‌లు రాయలేం కదా.

ఒకే ఇన్‌పుట్‌కు రెండు మూడు సరైన జవాబులు ఉంటే, లేదా సర్వర్ తనంతట తాను ప్యాకెట్లు పంపుతుంటే, లేబుల్డ్ ట్రాన్సిషన్ సిస్టమ్ వైపు వెళ్లాలి. దీని మీద జాన్ ట్రెట్‌మన్స్ 1990లలో నిర్వచించిన ఐఓకో అనే సంబంధం ఉంది. మోడల్ అనుమతించిన జవాబుల్లో ఏది వచ్చినా ఒప్పు, అనుమతించనిది వస్తే తప్పు. జవాబు రాకపోవడాన్ని కూడా అది ఒక జవాబుగానే లెక్కిస్తుంది. నెట్‌వర్క్ ప్రోటోకాళ్లకు ఈ చివరి సంగతే ప్రాణం.

గడువే రిక్వైర్‌మెంట్ అయితే టైమ్డ్ ఆటోమేటా, అంటే గడియారం కూడా ఉన్న స్టేట్ మెషీన్లు. "ఇన్ని మిల్లీసెకన్లలోపు హార్ట్‌బీట్ రావాలి" అని స్పెసిఫికేషన్‌లో ఉంటేనే వీటి జోలికి వెళ్లండి. టైమర్ ఉన్నంత మాత్రాన టైమ్డ్ మోడల్ అక్కర్లేదు. టీఎఫ్‌టీపీలో టైమర్ ఉంది గానీ ఆర్‌ఎఫ్‌సి దానికి అంకె ఇవ్వలేదు. "మౌనంగా ఉన్నాం" అని ఒక ఇన్‌పుట్ పెట్టుకుంటే సరిపోతుంది.

రాఫ్ట్ లాంటి, అనేక నోడ్‌ల మధ్య నడిచే ప్రోటోకాల్‌కు టీఎల్‌ఏ ప్లస్ గానీ, స్పిన్‌లో వాడే ప్రొమేలా గానీ సరిపోతాయి. కానీ ఇవి మొదటగా డిజైన్‌ను పరీక్షించే భాషలు. కోడ్‌ను పరీక్షించడానికి ఇంకో వంతెన కట్టాలి. మోంగోడీబీ ఇంజినీర్లు 2020లో తమ అనుభవాన్ని ప్రచురించారు. రెప్లికేషన్ ప్రోటోకాల్ టీఎల్‌ఏ ప్లస్ మోడల్‌తో నడుస్తున్న సర్వర్ ట్రేస్‌లను పోల్చబోతే పని కాలేదు, మోడల్ కోడ్‌కు అంత దూరంలో ఉంది. మొబైల్ సింక్‌లో మార్పులను కలిపే అల్గారిథమ్‌కు మాత్రం మోడల్ నుంచి 4,913 టెస్ట్ కేసులు పుట్టించారు. అది బాగా ఫలించింది. అదే కంపెనీ, అదే మోడలింగ్ భాష. ఫలితాన్ని మార్చింది మోడల్‌కూ కోడ్‌కూ మధ్య దూరం.

4. మౌనం ఎంతసేపో లెక్క కట్టండి

ఏ టూల్ తీసుకున్నా ఈ లెక్క మీదే. నకిలీ యాక్ 1 పంపారు. డేటా 2 మళ్లీ వచ్చింది. అది నకిలీ యాక్‌కు జవాబుగా వచ్చిందా, సర్వర్ గడువు అప్పుడే ముగిసి వచ్చిందా? ప్యాకెట్ చూసి చెప్పలేం, రెండూ బైటు బైటుకూ ఒకటే.

దారి ఒకటే: సర్వర్ గడువుకన్నా చాలా చిన్న కిటికీలో చూడడం. లైనక్స్‌లో వాడే టీఎఫ్‌టీపీడీ-హెచ్‌పీఏలో మొదటి రీట్రాన్స్‌మిషన్ గడువు మామూలుగా 1 సెకను, ఆప్షన్‌తో మార్చుకోవచ్చు. డేటా 2 అందిన వెంటనే నకిలీ యాక్ పంపి 200 మిల్లీసెకన్లు చూడండి. ఆలోగా డేటా 2 మళ్లీ వస్తే అది గడువు పని కాదు. లోడ్ ఎక్కువగా ఉన్న సీఐ మెషీన్‌లో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపేది) ఈ కిటికీ సరిపోక టెస్టులు అప్పుడప్పుడూ ఊరికే ఫెయిలవుతాయి. అక్కడ కిటికీ పెంచే ముందు సర్వర్ గడువును 5 సెకన్లకు పెంచండి. రెండింటి మధ్య దూరం ఉంటే టెన్షన్ ఉండదు.

కోడ్‌లో గడియారాన్ని మనమే తిప్పగలిగితే, అంటే టెస్ట్ కోసం నకిలీ క్లాక్ ఇవ్వగలిగితే, ఈ తలనొప్పే లేదు. సర్వర్ సోర్స్ మీ టీమ్‌దే అయితే ముందు ఆ మార్పు చేయించుకోండి. అది కొత్త టూల్ కన్నా ఎక్కువ లాభం.

5. ఇప్పుడు టూల్

టీమ్ భాష పైథాన్ అయితే హైపోథెసిస్‌లోని స్టేట్‌ఫుల్ టెస్టింగ్‌తో మొదలుపెట్టండి. స్టేట్ మెషీన్‌ను క్లాస్‌గా, ఒక్కో ఇన్‌పుట్‌ను ఒక్కో రూల్‌గా రాస్తారు. ప్యాకెట్లు తయారుచేయడానికి స్కేపీ లైబ్రరీ ఉండనే ఉంది. దీని అసలు బలం ఫెయిలైన పొడుగాటి వరుసను కుదించి చూపడం. నలభై ప్యాకెట్ల ట్రేస్‌ను "రిక్వెస్ట్, యాక్ 1, మళ్లీ యాక్ 1" దాకా తగ్గించి ఇస్తే డెవలపర్ అక్కడికక్కడే ఒప్పుకుంటాడు. ఈ పద్ధతికి మూలం 2000లో హాస్కెల్ కోసం వచ్చిన క్విక్‌చెక్. ఎర్లాంగ్ వాళ్లకు ప్రాపర్ ఉంది.

జావా టీమ్‌కు, బొమ్మ గీసి చూపిస్తే తప్ప మేనేజర్ ఒప్పుకోని చోట, గ్రాఫ్‌వాకర్ సౌకర్యం. గ్రాఫ్ ఇస్తే "అన్ని అంచులూ తాకేదాకా నడువు" లాంటి షరతుతో దారులు పుట్టిస్తుంది. జవాబు సరైనదా కాదా అన్నది మాత్రం మీరే కోడ్‌లో రాయాలి.

పట్టికలో "చెప్పలేదు" గళ్లు ఎక్కువైతే టోర్‌ఎక్సాకిస్ చూడండి. ఐఓకో మీద కట్టిన టూల్ ఇది. సర్వర్ ఏ జవాబిచ్చిందో చూసి ఆ దారిలోనే తర్వాతి ఇన్‌పుట్ ఎంచుకుంటుంది. ముందే టెస్టులు రాసి పెట్టుకునే టూల్‌కు, జవాబు మారినప్పుడు ఏం చేయాలో తోచదు. అయితే దీని మోడలింగ్ భాష నేర్చుకోవాలి, టీమ్‌లో కనీసం ఇద్దరికి రావాలి. ఒక్కరికే వస్తే ఆ ఒక్కరూ ఉద్యోగం మారిన రోజు మోడల్ మూలనపడుతుంది.

సమయం గడికి టైమ్డ్ ఆటోమేటా టూల్ అప్పాల్, దానితోపాటు ఆన్‌లైన్ టెస్టింగ్ కోసం ట్రాన్. అకడమిక్ వాడకానికి ఉచితం, కంపెనీకి లైసెన్స్ కొనాలి. ఈ సంగతి మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి.

టెలికాం వాళ్లకు టీటీసీఎన్-3 కొత్త కాదు. మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే 3జీపీపీ కన్ఫార్మెన్స్ టెస్టులు అందులోనే వస్తాయి. ఎరిక్సన్ బయటికిచ్చిన టైటాన్ ఓపెన్ సోర్స్‌గా దొరుకుతుంది. కానీ అది టెస్టులు రాసే భాష, మోడల్ రాసే భాష కాదు. మోడల్ నుంచి పుట్టిన టెస్టులను నడపడానికి, ఏఎస్‌ఎన్.1 మెసేజ్‌లను ఎన్‌కోడ్ చేయడానికి మాత్రం దానికి సాటి తక్కువ.

స్పెసిఫికేషనే సరిగా లేని పాత సర్వర్ చేతికొస్తే దారి తిరగేయండి. లెర్న్‌లిబ్‌తో సర్వర్‌ను ప్రశ్నలడిగి దాని స్టేట్ మెషీన్‌ను మెషీన్ చేతే నేర్పించి, వచ్చిన బొమ్మను మనిషి చదవాలి. డానా ఆంగ్లూయిన్ 1987 నాటి అల్గారిథమ్ దీని పునాది. 2015లో ఇద్దరు డచ్ పరిశోధకులు ఇదే పద్ధతిలో 9 టీఎల్‌ఎస్ ఇంప్లిమెంటేషన్ల బొమ్మలు తీసి, వాటిలో 3 చోట్ల కొత్త భద్రతా లోపాలు పట్టుకున్నారు. బొమ్మలో ఉండకూడని ఒక బాణం కంటికి కనిపించడమే అందులోని కిటుకు.

స్పెక్ ఎక్స్‌ప్లోరర్ పేరు మీరు వినే ఉంటారు. మైక్రోసాఫ్ట్ తన విండోస్ ప్రోటోకాళ్ల డాక్యుమెంటేషన్‌ను సరిచూడడానికి దాన్ని చాలా పెద్ద ఎత్తున వాడింది. చదివి నేర్చుకోవడానికి బాగుంటుంది. అది పాత విజువల్ స్టూడియోలకు కట్టుబడిన టూల్, కొత్త ప్రాజెక్టుకు వద్దు. క్విక్ అనే ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్ మీద పనిచేస్తుంటే 2019లో మెక్‌మిలన్, జక్ అనే ఇద్దరు ఐవీ భాషలో రాసిన స్పెసిఫికేషన్ పేపర్ ముందు చదవండి. ఒక సజీవ ప్రోటోకాల్‌కు ఆ స్థాయి మోడల్ రాయడం ఎంత పనో తెలుస్తుంది.

రెండు టూల్‌ల మధ్య ఊగిసలాడుతుంటే నేను చూసేవి ఇవి. మోడల్ టెక్స్ట్ ఫైలేనా, గిట్‌లో తేడా చదవగలమా? ర్యాండమ్ సీడ్ ఇస్తే అదే వరుస మళ్లీ వస్తుందా? ఫెయిలైన ట్రేస్‌ను కుదిస్తుందా? బొమ్మ అందంగా ఉందా అన్నది ఆఖరి ప్రశ్న.

6. అడాప్టర్‌కు సగం బడ్జెట్ పక్కన పెట్టండి

మోడల్ "పాత యాక్ పంపు" అంటుంది. దాన్ని నిజమైన యూడీపీ ప్యాకెట్‌గా మార్చేది, వచ్చిన బైట్లను మళ్లీ మోడల్ మాటల్లోకి తెచ్చేది అడాప్టర్. టీఎఫ్‌టీపీలో రిక్వెస్ట్ పోర్టు 69కి వెళ్తుంది, జవాబు ఇంకో పోర్టు నుంచి వస్తుంది. ఆ పోర్టును అడాప్టర్ గుర్తుపెట్టుకోవాలి. వేరే పోర్టు ప్యాకెట్ కోసం రెండో సాకెట్ తెరవాలి. ఒక టెస్ట్ ముగిశాక సర్వర్ ఇంకా పాత బదిలీ ప్యాకెట్లు పంపుతూనే ఉంటుంది. తర్వాతి టెస్ట్‌కు కొత్త సాకెట్ వాడకపోతే అవి అందులో కలుస్తాయి.

అడాప్టర్‌లో తెలివితేటలు పెట్టకండి. పాడైన ప్యాకెట్ వస్తే దాన్ని వదిలేసి తర్వాతిది చూసే అడాప్టర్ మీ బగ్‌ను తినేస్తుంది. అర్థం కానిది వస్తే "అర్థం కానిది వచ్చింది" అని మోడల్‌కు చెప్పాలి, అంతే. ప్రతి రన్‌కూ పీక్యాప్ ఫైలు (వెళ్లిన, వచ్చిన ప్యాకెట్ల రికార్డు) దాచండి.

7. ఎంతవరకు నడపాలి

అన్ని ట్రాన్సిషన్లూ ఒక్కసారైనా తాకడం కనీస లక్ష్యం. మన 32 గళ్లకు అది పెద్ద పని కాదు. కానీ దానికి ఒక గుడ్డితనం ఉంది. జవాబు సరిగ్గా ఇచ్చి, లోపల తప్పు స్టేట్‌లోకి వెళ్లిన సర్వర్‌ను అది పట్టుకోదు. ఉదాహరణకు ఎర్రర్ ప్యాకెట్ రాగానే సర్వర్ మౌనంగానే ఉంది, కానీ బదిలీని ఆపలేదు. ట్రాన్సిషన్ తాకాం, జవాబు సరిపోయింది, బగ్ మాత్రం అలాగే ఉంది.

అందుకే ప్రతి ట్రాన్సిషన్ తర్వాత "ఇప్పుడు ఎక్కడున్నావ్" అని తేల్చే ఇన్‌పుట్ ఒకటి ఇవ్వాలి. ఇక్కడైతే గడువు దాటేదాకా ఆగి, డేటా 2 మళ్లీ వస్తుందేమో చూడడం. 1978లో చౌ చెప్పిన డబ్ల్యూ మెథడ్ ఈ ఆలోచనకే పద్ధతి కట్టింది. సర్వర్‌లో మోడల్‌కన్నా అదనంగా దాగిన స్టేట్‌లు ఎన్ని ఉండొచ్చో ఊహించి ఆ మేరకు పూర్తి హామీ ఇస్తుంది. ఖరీదు కూడా అక్కడే: ఊహించే ప్రతి అదనపు స్టేట్‌కూ టెస్టుల సంఖ్య సుమారుగా ఇన్‌పుట్ల సంఖ్యంత రెట్లు పెరుగుతుంది. ఎనిమిది ఇన్‌పుట్లకు ఒక అదనపు స్టేట్ భరించగలం, మూడు అయితే 512 రెట్లు. చిన్న ప్రోటోకాల్‌కు ఇది వాడండి. పెద్దదానికి ర్యాండమ్ నడకలతో రాత్రంతా నడపడమే నయం.

డేటా గడికి వేరే లెక్క. 0, 1, 511, 512, 513, 1024 బైట్ల ఫైళ్లు, 32 ఎంబీ దాటే ఫైలు ఒకటి. దీనికి మోడల్ అక్కర్లేదు, ఒక లూప్ చాలు.

8. కొనేముందు బగ్‌లు నాటి చూడండి

షార్ట్‌లిస్ట్‌లో రెండు టూల్‌లు మిగిలాయనుకోండి. సర్వర్ కాపీలో కావాలని తప్పులు పెట్టండి: నకిలీ యాక్‌కు జవాబివ్వడం, చివరి ఖాళీ ప్యాకెట్ ఎగ్గొట్టడం, వేరే పోర్టు యాక్‌ను ఒప్పుకోవడం, ఎర్రర్ వచ్చినా ఆగకపోవడం. ఒక్కో తప్పుకు ఒక్కో బిల్డ్. ఏ టూల్ ఏది పట్టుకుంది, ఎంతసేపట్లో, ఇచ్చిన ట్రేస్ చదివి మోడల్ చూడని డెవలపర్ కారణం చెప్పగలిగాడా అన్నవి రాసుకోండి. మూడో ప్రశ్నకు జవాబే ఎక్కువసార్లు నిర్ణయం తేలుస్తుంది. ఏ టూల్‌కూ చిక్కని తప్పు ఉంటే టూల్ మార్చకండి, పట్టిక దగ్గరకు వెళ్లి ఏ గడి తప్పిందో చూడండి.

9. నడుస్తున్నప్పుడు

ఫెయిల్ వచ్చినప్పుడు అనుమానితులు ముగ్గురు: సర్వర్, మోడల్, అడాప్టర్. మొదటి రోజుల్లో ఎక్కువగా దొరికేది తర్వాతి ఇద్దరే. టికెట్‌లో ఎవరి తప్పో తప్పకుండా రాయండి. నెల తర్వాత కూడా అడాప్టర్ పేరే ఎక్కువ కనిపిస్తుంటే కొత్త మోడళ్లు ఆపి దాన్ని బాగుచేయండి.

దొరికిన ప్రతి అసలు బగ్‌కూ కుదించిన వరుసను మామూలు టెస్ట్‌గా రాసి రిగ్రెషన్‌లో కలపండి. ర్యాండమ్ నడక రేపు అదే దారిలో వెళ్తుందన్న హామీ లేదు.

ప్యాకెట్ల నష్టం, ఆలస్యం కావాలంటే లైనక్స్‌లోని నెటెమ్ అందరికీ గుర్తొస్తుంది. మోడల్ టెస్టుల్లో దాన్ని వాడకండి. ఏ ప్యాకెట్ పోయిందో మోడల్‌కు తెలియదు, సీడ్ ఇచ్చినా అదే వరుస మళ్లీ వస్తుందన్న హామీ లేదు. "ఈ యాక్‌ను పంపకు", "ఈ యాక్‌ను ఆలస్యంగా పంపు" అన్నవాటిని మోడల్ ఇన్‌పుట్లుగా పెట్టి, ఆ పని అడాప్టర్ చేత చేయించండి. నెటెమ్‌ను విడిగా, ఫైలు చేరిందా లేదా, ఎన్ని ప్యాకెట్లు పట్టాయి అని మాత్రమే చూసే సోక్ టెస్ట్‌కు (చాలాసేపు ఆపకుండా నడిపేది) ఉంచండి. బ్లాకుల సంఖ్యకు రెట్టింపు డేటా ప్యాకెట్లు అక్కడ కనిపిస్తే ఆ పీక్యాప్‌లోని యాక్‌ల వరుసను తీసి మోడల్‌కు ఇన్‌పుట్‌గా ఇవ్వండి.